ఎగిరే పళ్ళాలూ - ఎడతెగని ఓపికా



ఎగిరే పళ్ళాలు అనగానే మీకు నవ్వొస్తుందని నాకు తెలుసు. పిల్లలు అలిగిన పూట మన వంటిళ్ళలోనూ పళ్ళాలు ఎగురుతూనే ఉంటాయి గదా! నేను చెప్పబోయేది ఆకాశంలో ఎగిరే వాటి సంగతి. అవి ఉన్నాయా, లేవా అని తేల్చడానికి నేనెవరిని? వాటి వెంట ముప్పై నలభై ఏళ్ళు తిరిగి కూడా విసుగు చెందని మనుషులున్నారు. వాళ్ళకు ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే నాకు ఆశ్చర్యం.

క్రిందటేడు అమెరికాలో ఫీనిక్స్ నగరంలో మా చెల్లెలి దగ్గర రెండు నెలలున్నాను. అక్కడ ఒక హోటల్లో ఈ విషయం మీద మూడు రోజుల సదస్సు జరుగుతుంటే, "అక్కా, నీ రేడియోకి పనికొస్తుంది, పద" అని లాక్కెళ్ళింది.

ఆ ఊరికి ఈ గొడవ కొత్త కాదు. 1997 మార్చి 13వ తేదీ రాత్రి అక్కడ వేలమంది ఆకాశంలో వరసగా దీపాలు చూశారు. పది గంటల వేళ కనిపించినవి సైనిక విమానాలు అభ్యాసంలో వదిలిన వెలుగు గుళ్ళని తరవాత తేలింది. అంతకు ముందు ఎనిమిది దాటాక కనిపించిన దీపాల బారును ఇంటి దగ్గర దుర్భిణిలోంచి చూసిన ఒక కుర్రవాడు, అవి విమానాలేనన్నాడు. కాదు, ఒకటే పెద్ద ఆకారమని చూసినవాళ్ళలో చాలామంది ఈనాటికీ అంటారు. ఆ ఏడు జూన్‌లో గవర్నరు ఫైఫ్ సైమింగ్టన్ పత్రికల వాళ్ళను పిలిచి, తన ఉద్యోగి ఒకాయనకు గ్రహాంతరవాసి వేషం వేసి, చేతులకు బేడీలు తగిలించి, "ఇదుగో దొంగ దొరికాడు" అన్నట్టు ప్రవేశపెట్టాడు. అందరూ నవ్వారు. చూసినవాళ్ళు మాత్రం చిన్నబోయారు. తీరా 2007లో ఆ గవర్నరే, "ఆ రాత్రి నేనూ చూశాను" అని బయటపెట్టాడు! పదేళ్ళు మనసులోనే దాచుకున్నాడు పెద్దమనిషి. అంతటి పదవిలో ఉన్నవాడికే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకుంటే, డాబా మీద వడియాలు తీస్తూ ఏదో చూసిన ఇల్లాలు ఎవరితో చెప్పుకుంటుంది చెప్పండి?

సరే, సదస్సు సంగతి. గుమ్మం బయట మన తిరునాళ్ళే అనుకోండి. పెద్ద కళ్ళ పచ్చబొమ్మలు, చొక్కాలు, రంగురాళ్ళు, పుస్తకాలు. పెద్ద హాల్లో, తనను పళ్ళెంలో ఎక్కించుకు వెళ్ళారని చెప్పే ఒకాయన ప్రసంగానికి ఇసక వేస్తే రాలనంత జనం. మాకు కుర్చీలు దొరక్క, చివర ఉన్న చిన్న గదిలోకి వెళ్ళి కూర్చున్నాం. అక్కడ ఇరవైమంది ఉంటారేమో. ఒకావిడ పాత వాతావరణ రిజిస్టర్లనూ నక్షత్రాల పటాలనూ పక్కపక్కన పెట్టి, ఫలానా రాత్రి ఫలానా దిక్కున కనిపించింది ఏమై ఉంటుందో లెక్కకట్టి చూపిస్తోంది. నా మటుకు నాకు పెద్ద హాలు కన్నా ఆ గదే నచ్చింది.

నా పక్కన డెబ్భై దాటిన ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా తన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చూశామన్నవన్నీ రాసి పెడుతోందిట. "అందులో అంతుపట్టనివి ఎన్ని?" అని మా చెల్లెలి చేత అడిగించాను. "వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు" అంది. మరి విసుగనిపించదా అంటే, "నా దగ్గరికి వచ్చేవాళ్ళు భయపడి వస్తారు. అది వేగుచుక్కేనమ్మా అంటే కొందరికి ప్రాణం కుదుటపడుతుంది, కొందరికి కోపమొస్తుంది. ఎలాగైనా వాళ్ళ మాట ఒకరు విన్నారు గదా" అంది. ఏటేటా ఇంత దూరం రావడమెందుకు అని కూడా అడిగాను. "ఇంట్లో నా లెక్కలు వినేవాళ్ళే లేరు. ఇక్కడ వాటిలో తప్పు పట్టేవాళ్ళున్నారు" అని నవ్వింది. ఆ మాట నాకెంత నచ్చిందో!

కోరల్ లారెంజన్ పేరు చెప్పింది కూడా ఆవిడే. కోరల్ శాస్త్రవేత్త కాదు. తొమ్మిదేళ్ళ పిల్లగా 1934లో తాను ఆకాశంలో ఏదో చూశానని చెప్పేది. 1952లో భర్త జిమ్‌తో కలిసి ఇలాంటి కబుర్లు సేకరించే సంఘం పెట్టి, దాని పత్రిక నడిపింది. తరవాత ఆ దంపతులు అదే అరిజోనాలోని టూసాన్‌లో స్థిరపడ్డారు. విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞుల చేత కూడా సలహాలు చెప్పించుకున్నారు. 1986లో జిమ్, 1988లో ఆవిడ పోయారు. వాళ్ళతో సంఘమూ పోయింది. ఆ కాగితాలన్నీ చాలా ఏళ్ళు పరిశోధకులకు అందకుండా ఉండిపోయాయి. నాకైతే పళ్ళాల కన్నా ఆ కాగితాల సంగతే ఎక్కువ బాధనిపించింది. స్వీడన్‌లో నార్‌షాపింగ్ అనే ఊళ్ళో 1973 నుంచీ ఇలాంటి కాగితాలు భద్రపరిచే భాండాగారం ఉంది. అలాంటిది అన్ని దేశాల్లోనూ ఉంటే ఎంత బాగుండును!

అమెరికా వైమానిక దళానికి చాలా ఏళ్ళు సలహాదారుగా ఉన్న హైనెక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1973లో ఒక పరిశోధన కేంద్రం పెట్టాడు. అక్కడ అలన్ హెండ్రీ అనే ఆయన వచ్చిన ప్రతి కబురూ తానే విచారించి, 1979లో పుస్తకం వేశాడు. మొత్తం 1,307 కబుర్లు. దాదాపు తొంభై పాళ్ళు నక్షత్రాలూ, విమానాలూ, దీపాలతో ప్రకటనలు చూపే విమానాలూ. అంతుపట్టనివి 113 మిగిలాయి. అవి వేరే లోకం నుంచి వచ్చినవని కాదు సుమండీ, ఏమిటో తేలలేదని మాత్రమే. చేటెడు బియ్యం చెరిగి నాలుగు రాళ్ళేరడం మనకు అలవాటే గదా. ఆయన రాళ్ళ కోసం బస్తాలకు బస్తాలు చెరిగాడు.

మన దగ్గరా ఇలాంటివి జరగకపోలేదు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో పెద్ద గుండ్రటి పెట్టె దిగితే, అదేమిటోనని ఊళ్ళకు ఊళ్ళే కదిలి వచ్చాయి. హైదరాబాద్‌లో టాటా సంస్థవారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కణ్ణుంచి స్పెయిన్ కంపెనీ ఒకటి ప్రయోగంగా ఎగరేసిన బెలూన్‌కు కట్టిన పెట్టె అది. చూడబోయినవాళ్ళను వెర్రివాళ్ళనడం నాకు నచ్చదు. పొలంలో అలాంటిది దిగితే మీరైనా నేనైనా చూడకుండా ఉంటామా?

కనక మీరెప్పుడైనా అలాంటిది చూస్తే, ముందు గడియారం చూడండి. ఏ దిక్కున ఉందో, ఎంతసేపుందో గుర్తుపెట్టుకోండి. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. నేల నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తుందో కొలవండి. నీళ్ళ ట్యాంకు అంచుకో, కరెంటు స్తంభానికో సరిచూస్తే కదులుతోందో లేదో తెలుస్తుంది. మర్నాడు అదే వేళకు, అదే చోట మళ్ళీ ఉంటే అది ఏ శుక్రుడో, గురుడో అయి ఉంటుంది. ఇంట్లో నలుగురు చూస్తే, ఒకరితో ఒకరు మాట్లాడుకోక ముందే ఎవరిది వాళ్ళు రాయాలి. లేకపోతే పెద్దవాళ్ళు చెప్పిందే పిల్లలూ చూసినట్టవుతుంది. సంగతి ఏమిటో తేలిపోయినా ఆ కాగితం చింపెయ్యకండి. తేలినవి కూడా ఉంటేనే తేలనిదేమిటో పోల్చుకోవచ్చని ఆ ముసలావిడ మరీ మరీ చెప్పింది.

నేనిప్పుడు డాబా మెట్ల దగ్గర ఒక నోటుపుస్తకం వేలాడదీశాను. ఇంతవరకూ అందులో ఆరు సంగతులెక్కాయి. నాలుగు విమానాలు, ఒకటి శుక్రుడు, ఒకటి పక్కింటి వాళ్ళ గాలిపటం దీపం. మీరూ ఒకటి పెట్టుకోండి. పెన్సిలు మాత్రం దారంతో కట్టండి, లేకపోతే పిల్లలు పట్టుకుపోతారు.