తెలిసిన వ్యాధి, తెలియని నివారణ

(పెనుగొండ పఠన మందిరమునందు చేసిన యుపన్యాసము)



వైద్యులుండగా ఆరోగ్యమును గూర్చి న్యాయవాదులమైన మేమేల మాటలాడవలెనని మీరడుగవచ్చును. సాక్ష్యము లేనిదే తీర్పు లేదనునది మా వృత్తిధర్మము. వ్యాధి నివారణమునకు సాక్ష్యమెంత గలదో విచారించుటయే మా యుద్దేశము.

మనలను చంపునవి కలరా, మలేరియాలని పెద్దలు చెప్పుచు వచ్చిరి. 2003-04లో జార్జి ఇన్‌స్టిట్యూటువారును, బైర్రాజు ఫౌండేషనువారును తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో మృతుల యిండ్లకు మనుష్యులను పంపి, రోగి కడపటి దినములలో పడిన బాధను బంధువులవలన తెలిసికొని, వైద్యులచేత మరణకారణము నిర్ణయింపజేసిరి. ఒక్క సంవత్సరమున 1,354 మరణములు. వానిలో నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవి. అంటువ్యాధులవలన కలిగినవి నూటికి 12 మాత్రమే!

రక్తపు పోటు నొప్పి తెలియనీయక పెరిగి, ఒకనాడు చేనిగట్టుమీదనే మనిషిని పక్షవాతముతో పడవేయును. దానిని కొలుచుట సులభము, మాత్రలు చౌక. ఐనను మరణములేల ఆగవు?

ప్రచారము చాలునందురా? మన ప్రాంతమున 44 గ్రామములలో దానినే పరీక్షించి, 2012లో ఫలితము ప్రకటించిరి. ప్రచారమువలన ప్రజల తెలివిడి పెరిగినట్లు కానరాలేదు. శిక్షణ పొందిన ఆరోగ్య సేవకులు మాత్రము అపాయమునకు లోనగువారిని ఎక్కువమందిని గుర్తింపగలిగిరి. పిమ్మట పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ యంత్రములిచ్చి చూచిరి. 2019లో ప్రకటితమైన ఫలితమిది: రోగులను మరల మరల కలిసికొనుట సాగెను గాని, పోటు అదుపునకు వచ్చిన వారి సంఖ్యలో చెప్పదగిన భేదము లేకపోయెను.

ఇవి యపజయములు కావు. ఎచ్చట త్రవ్వవలెనో చూపిన గుర్తులు. రోగమున్నదని తెలిసిన దినమునకును, ప్రతిదినము మాత్ర వేసికొను అలవాటునకును నడుమ అడ్డమేమి? నాట్లవేళ కూలి మానుకొనలేకపోవుటయా? కేంద్రమున మందు నిండుకొనుటయా? నొప్పి లేనిది రోగమా యను నమ్మకమా? ఆవకాయ, ఎండుచేపల రుచి మరగిన నాలుకకు ఉప్పు తగ్గించు మార్గమేది? వీని యుత్తరములు గాజుగొట్టములలో దొరకవు. మన వీధులలోనే వెదకవలెను.

లెక్కలోను లోపమే గలదు. జనన మరణ నమోదు చట్టము 1969లోనే వచ్చినది. కాని 2020లో దేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణము ధ్రువపరచినవి నూటికి సుమారు 22 మాత్రమే. కారణమెరుగని మరణమును నివారించుటెట్లు?

కావున మనము కోరవలసినవి మూడు. ప్రతి మరణమునకు కారణము విచారించి వ్రాయవలెను. మన గ్రామములలో జరిగిన పరిశోధనల ఫలితమును తెలుగున మనకే వినిపింపవలెను. రాబోవు పరిశోధనలో ఏ ప్రశ్న అడుగవలెనో నిర్ణయించునపుడు రైతును, కూలివానిని, ఆశా కార్యకర్తను సంప్రదింపవలెను. మన రక్తమును కొలిచిన విద్య మన మాటయు వినుగాక!