మధుమేహ పరీక్ష – వ్రేలి నొప్పి
(పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మధుమేహము పట్టణవాసుల వ్యాధి యను భావము నేడు నిలువదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో ప్రకటితమైన పరిశీలన ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా జనులు ఈ వ్యాధితో నున్నారు. ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలోను రక్తమందలి చక్కెరను కొలుచు చిన్న యంత్రము ఇండ్లలో కనబడుచున్నది.

కాని కొందరు నాలుగు దినములు పరీక్షించి, వ్రేలు నొచ్చుచున్నదని యంత్రమును మూల పెట్టుచున్నారు. పరీక్ష మానినంత మాత్రమున వ్యాధి తగ్గదు. ఇన్సులిను తీసికొనువారికి చక్కెర ప్రమాదకరముగా పడిపోవుటయు తెలియకపోవచ్చును. నొప్పికి చాలవరకు కారణము సూది కాదు, దానిని వాడు పద్ధతి.

మొదట చేతులను సబ్బుతోను గోరువెచ్చని నీటితోను కడిగి, బాగుగా తుడుచుకొనవలెను. మామిడిపండు తిన్న చేతితోనే పరీక్షించినచో, వ్రేలికంటిన తీపి వలన యంత్రము లేని చక్కెరను చూపును. చేతిని కొంతసేపు క్రిందికి వ్రేలాడవేసి, అరచేతి నుండి వ్రేలివైపునకు మెల్లగా నిమిరినచో రక్తము సులభముగా వచ్చును. వ్రేలి కొనను గట్టిగా పిండరాదు.

కొన నడుమ నొప్పి యెక్కువ. పని చేయునదియు ఆ భాగమే. కావున ప్రక్కన గుచ్చవలెను. జగిత్యాల, నిర్మల్ వైపు బీడీలు చుట్టు స్త్రీలకు ఈ మాట ముఖ్యము. తునికాకు చుట్టుటకు కావలసిన బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని విడిచి, రెండు చేతుల నడిమివ్రేళ్లను, ఉంగరపువ్రేళ్లను మార్చి మార్చి వాడినచో కూలికి భంగము రాదు.

గుచ్చు పరికరముపై లోతును తెలుపు అంకె లుండును. చిన్న అంకెతో మొదలిడి, రక్తబిందువు చాలనిచో ఒక్కొక్క మెట్టు పెంచవలెను. చేతులు కాయలు కాచిన రైతునకు, సింగరేణి కార్మికునకు పెద్ద అంకె కావలసి రావచ్చును. పరికరమును చర్మమునకు చక్కగా ఆనించి మీట నొక్కవలెను. వాడిన సూది మొన మొద్దుబారును గనుక ప్రతిసారి క్రొత్త సూదియే వాడవలెను.

ఒకరి సూదినే కాదు, గుచ్చు పరికరమును సైతము మరియొకరు వాడరాదు. కంటికి కనబడని రక్తలేశము వలన హెపటైటిస్-బి సోకవచ్చును. భార్యాభర్తలైనను వేర్వేరు పరికరముల నుంచుకొనవలెను.

ఫలితమును తేదీతో, వేళతో వ్రాసియుంచి వైద్యునకు చూపవలెను. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గినచో వెంటనే చక్కెర నీరు త్రాగి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను.

ఇక పంచాయతీ కర్తవ్యము. 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమముతో గ్రామములకు చెత్త సేకరించు ట్రాక్టర్లు సమకూరినవి. ఆ చెత్తలో పారవేసిన సూది సఫాయి కార్మికుని చేతిలో దిగబడును. మన గ్రామమును శుభ్రపరచువానికి మనమే కీడు చేయుట తగునా? వాడిన సూదులను మూతగల గట్టి డబ్బాలో దాచవలెనని గ్రామసభలో తెలుపుడు. నిండిన డబ్బాలను అప్పగించు విధమును ఆరోగ్య ఉపకేంద్ర సిబ్బందితో, ఆశా కార్యకర్తతో మాట్లాడి నిర్ణయింపుడు. గ్రామమున పరీక్షా శిబిరము జరిగినపుడు ప్రతివ్యక్తికి క్రొత్త సూది వాడుచున్నారో లేదో స్వయముగా చూడుడు.

నొప్పి తగ్గినచో పరీక్ష సాగును. పరీక్ష సాగినచో వ్యాధి అదుపులో నుండును.