పూజాపుష్పాలు వాడకుండా
(నాగల్‌గిద్దలో భక్తులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



"పంతులుగారూ, రేపటి పూజకు ఈనాడే పూలు తెచ్చుకోవచ్చునా?" అని నన్ను తరచుగా అడుగుతుంటారు. పట్టణవాసులకు తెల్లవారేసరికి వీధి చివరనే పూలు దొరుకుతాయి. మన నాగల్‌గిద్ద వంటి సరిహద్దు పల్లెలలో ఆ వసతి తక్కువ. పెరట్లో పూలచెట్టు లేనివారు ముందునాటి సాయంకాలమే నారాయణఖేడ్ నుండి తెచ్చుకోవలసి వస్తుంది. కనుక ఈ ప్రశ్నకు శాస్త్రమూ చెప్పాలి, ఉపాయమూ చెప్పాలి.

ముందు నా తప్పు చెబుతాను. చాలా ఏండ్ల క్రితం, ఒక వేసవి శుక్రవారంనాడు, ఒక వృద్ధురాలు ప్లాస్టిక్ సంచిలో మల్లెపూలు తెచ్చింది. ముందునాడు కొన్నవి. సంచి విప్పగానే కుళ్లు వాసన వచ్చింది. "ఇవి పర్యుషితములు, స్వామికి పనికిరావు" అన్నాను. ఆ మాట ఆమెకు తెలియదు. వద్దన్నానని మాత్రం తెలిసింది. ఏమీ అనక సంచిని కొంగు చాటున దాచుకొని వెళ్లిపోయింది. అటు తరువాత ఆమె గుడికి వచ్చేది గాని, పూలు తేలేదు. నేను చెప్పినది శాస్త్రమే. పూలు నిలుపుకొనే విధం కూడా చెప్పి ఉండవలసింది. అది నాకు నేటికీ మనసులో ముల్లు.

పర్యుషితమనగా రాత్రి గడచి పాచిపోయినది. తులసికి, బిల్వానికి ఈ దోషం లేదన్నారు. తామరకు కొన్ని దినముల గడువు ఇచ్చారు. మరొక విశేషం: మాలాకారుని ఇంట ఉన్న పూలకు పర్యుషిత దోషం లేదని ధర్మశాస్త్రవచనం. ఎందుకు? అతనికి పూవును కాపాడటమే వృత్తి గనుక అని నాకు తోచింది. ఆ శ్రద్ధ మన ఇంటికి తెచ్చుకుంటే చాలు.

కోసిన పూవుకు వేరు నుండి నీరందదు; ఉన్న తడి ఆవిరైపోతుంది. కనుక ఎండ ముదరకముందే కోయండి. విడిపూలను తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, స్టీలు డబ్బాలో గాని అరటాకులో గాని ఉంచండి. పూలను నీటిలో ముంచవద్దు. రేకుల మీద నీరు నిలిస్తే త్వరగా కుళ్లుతాయి. ప్లాస్టిక్ సంచి బిగించి కడితే వేడి, చెమ్మ లోపలే నిలిచిపోతాయి; ఆనాటి మల్లెలకు జరిగినది అదే. ఫ్రిజ్ ఉన్నవారు మూత పెట్టి, పండ్లకు దూరంగా ఉంచండి. పండే అరటి, మామిడి విడిచే ఇథిలీన్ వాయువు పూలను త్వరగా వాడ్చుతుంది.

కాడలతో కూడిన గులాబీ, చామంతులను పాత్రలో ఉంచదలచినవారు కాడ చివరను ఏటవాలుగా కోసి, నీటిలో మునిగే ఆకులు తీసివేసి, ప్రతిదినం నీరు మార్చాలి.

బతుకమ్మకు తెచ్చిన తంగేడుపూలను మన ఆడపడుచులు తడిగుడ్డ కప్పి నీడన ఉంచుతారు. గునుగు ఎండినా రంగు విడువదు. ఏ పూవుకు ఎంత ఓపిక ఉన్నదో వారికి చెప్పనక్కరలేదు. మందారం మాత్రం ఒక్కనాటి పూవు. దానిని ఏనాటికానాడే కోయాలి.

పూజానంతరం నిర్మాల్యాన్ని తొక్కుడుపడే చోట వేయక చెట్టు మొదట వేయండి. తిరుమల తిరుపతి దేవస్థానంవారు ఆలయాలలో వినియోగించిన పూలతో 2021 నుండి అగరువత్తులే తయారు చేయిస్తున్నారు.

చివరగా ఒక్క మాట. ఇంత జాగ్రత్తపడినా పూవు వాడిపోతే దిగులు పడకండి. ఒక తులసీదళం, అదీ లేకుంటే అక్షతలు సమర్పించండి. గుడిలో సేవ చేసే నావంటివారికి కూడా ఒక విన్నపం: పూవును వద్దనవలసి వచ్చినప్పుడు, తెచ్చిన మనసు వాడకుండా చూడండి.

శుభం భూయాత్.