ఎవరి తుపాకీకి మన భుజం?

(గోదావరిఖనిలో సెప్టెంబర్ 17 సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



సెప్టెంబర్ 17 రాంగనే మన బస్తీలల్ల రజాకార్ల ముచ్చట మొదలైతది. మన పిల్లల చేతికి జెండా ఇచ్చి పక్కింటి సాయిబు దిక్కు వేలు చూపెడుతున్నరు. అందుకే ఈ చరిత్రను మనమే చెప్పుకోవాలె.

మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టింది. 1946లో ఖాసిం రజ్వీ దాని నాయకుడైనంక రజాకార్లు ఊళ్ల మీద పడ్డరు. దోచుకున్నరు, చంపిన్రు. ఇది నిజం, మనం దాచం. కానీ వాళ్లకు గడీల తలుపులు తీసిన దొరల పేర్లు ఈ సభలల్ల ఎందుకు వినబడవు? రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే గదా!

మనోళ్ల సంగతి గూడ చెప్పుకుందాం. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ ప్రభుత్వంలో మంత్రి అయిండు. శ్యాంసుందర్ 1948లో హైదరాబాద్ ప్రతినిధిగా ఐక్యరాజ్యసమితికి పోయిండు. దళితుల కోసం నిజాం కోటి రూపాయల నిధి పెట్టిండు. ఊరి బాయి ముట్టనియ్యనోళ్ల నడుమ, కుర్చీ వేసినోళ్ల దిక్కు మనోళ్లు కొందరు పోయిన్రు. అంటరానితనం పాటించినోళ్లకు దాన్ని తప్పుపట్టే హక్కు లేదు. అయితే నిజాం పక్షాన, మజ్లిస్ పక్షాన నిలబడొద్దని 1947 నవంబర్‌లోనే బాబాసాహెబ్ మనల్ని హెచ్చరించిండు. మనం అడగాల్సిందొక్కటే: మంత్రి పదవి వచ్చింది, ఊర్ల వెట్టి పోయిందా?

పోలీసు చర్య అయింది. పారిపోయిన దొరలు ఖద్దరు తొడిగి మళ్ల ఊళ్లకొచ్చిన్రు. ఆ రోజులల్ల 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటరని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లింలే. రజ్వీ జైలు నుంచి బయటపడి 1957లో పాకిస్తాన్ పోయిండు. పాకిస్తాన్ పోలేని పేద సాయిబులు ఇక్కడే చచ్చిన్రు.

తర్వాత ఒవైసీల నాయకత్వంలో మజ్లిస్ ఎన్నికల పార్టీ అయింది. 1980లల్ల హైదరాబాద్‌కు దళిత మేయర్లను గూడ చేసింది. మంచిదే. కానీ కుర్చీతోపాటు అధికారం ఎంత ఇచ్చిన్రని లెక్క అడగాలె. మజ్లిస్‌నే కాదు, కాషాయ జెండానూ, మూడు రంగులనూ, ఎర్రజెండానూ అడగాలె.

మన బొగ్గు బాయిల పైకప్పు కూలితే మాదిగ యాదయ్యా, సాయిబూ ఒక్క మట్టి కిందనే పడతరు. రేపు మీ పిల్లగాన్ని ఊరేగింపుకు పిలిచినోన్ని నిలబెట్టి అడగండి: "నీ కొడుకు ముందు వరుసల నడుస్తున్నడా? కేసైతే బెయిలెవరు తెస్తరు? దొరల పేరు చెప్పే ధైర్యముందా?"

జవాబు రాకుంటే, పిల్లగాన్ని ఇంటికి తోలుకరాండ్రి.

జై భీమ్!