హాస్టల్లో ఉన్న అబ్బాయికి నేను వ్రాసిన ఉత్తరాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు మాట్లాడారు. నేను ఒక ఇంటి విషయం మనవి చేసుకుంటాను.

ఉమ్మడి రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో, పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా వెలిసింది. తరువాత మరికొన్ని వచ్చాయి. 1984లో మా అబ్బాయికి అలాంటి ఒక బడిలో అయిదో తరగతిలో సీటు వచ్చింది. గుమాస్తా కొడుక్కి చదువు, భోజనం, వసతి దొరకడమంటే మాటలా! పదేళ్ళ పిల్లవాణ్ణి రేకు ట్రంకుపెట్టెతో సహా దింపి వచ్చాను.

ప్రతి ఆదివారం ఒక ఇన్‌లాండ్ లెటరు వ్రాసేవాణ్ణి. మొదట ఆశీస్సులు, ఉభయకుశలోపరి. ఆపైన అంతా ఆఫీసు ధోరణే. "నీ 12వ తేదీ ఉత్తరం అందినది. లెక్కలలో మార్కులు తగ్గుటకు కారణము తెలుపగలవు." నవ్వకండి, అది సంజాయిషీ మెమో కాక మరేమిటి? చివర మడత మీద మిగిలిన జాగాలో మా ఆవిడ మూడు వరుసలు వ్రాసేది. ఆవు ఈనింది, చొక్కా గుండీ కుట్టించుకున్నావా, రాత్రి దుప్పటి కప్పుకో. అంతే.

దసరా సెలవులు అయి వెళ్ళాక వాడు వ్రాశాడు, "నాన్నా, నేను ఇక్కడ ఉండలేను, వచ్చి తీసుకుపో" అని. ఆరు వరుసల్లో నాలుగు అక్షర దోషాలు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. వాడు తిరిగివస్తే నా జీతంతో అంత చదువు చెప్పించలేను. ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, ఆ ఉత్తరాన్నే కవరులో పెట్టి వెనక్కి పంపాను. పది రోజుల్లో ఒక్క తప్పు లేకుండా జవాబు వచ్చింది: "నేను క్షేమం. బాగా చదువుతున్నాను." పదో తరగతి దాకా అన్నీ అలాంటివే. కుర్రవాడు దారిలో పడ్డాడని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను.

మొన్న సంక్రాంతికి అటక సర్దుతుంటే ఆ ట్రంకుపెట్టె బయటపడింది. ఉత్తరాలన్నీ తేదీల వారీగా పురికొసతో కట్టి ఉన్నాయి. గుమాస్తా కొడుకు కదా! నేను వ్రాసిన భాగం చెక్కుచెదరలేదు. వాళ్ళమ్మ వ్రాసిన మూడు వరుసలు మాత్రం వేలితో తడిమి తడిమి అలుక్కుపోయాయి. అన్నిటికన్నా అడుగున ఎర్ర సిరా కాగితం.

"అప్పుడేమైందిరా?" అని ఇన్నేళ్ళకు అడిగాను.

"రాత్రిళ్ళు భయం వేసేది నాన్నా, అంతే. ఇంటికి ఏమి వ్రాయకూడదో ఆ ఉత్తరంతో తెలిసింది" అన్నాడు. వాడు ఇంజనీరు అయ్యాడు, నా మీద కోపమూ లేదు. కాని ఆ మాట నన్ను వదలలేదు.

నెహ్రూ గారు 1928 వేసవిలో, మస్సూరీలో ఉన్న పదేళ్ళ ఇందిరకు ఉత్తరాలు వ్రాశారు. మరుసటి ఏడు అవి పుస్తకంగా వచ్చాయి. భూమి పుట్టుక, రాళ్ళు, తొలి మానవుడు, అన్నీ అందులో ఉన్నాయి. మనకు అంత పాండిత్యం లేకపోవచ్చు. ఆవు ఈనిన సంగతైనా వ్రాయగలం కదా!

ఇప్పుడు మన మనవలు, మనవరాళ్ళు ఎందరో రెసిడెన్షియల్ కాలేజీలలో ఉన్నారు. ఫోనులో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ర్యాంకు గురించే అవుతోంది. "ఉండలేను" అని బిడ్డ ఒక్కసారి అంటే, దయచేసి మార్కులు పక్కన పెట్టి, బస్సెక్కి వెళ్ళి చూసి రండి. తీసుకురావాలో వద్దో తరువాత ఆలోచించవచ్చు. రెండోసారి వాళ్ళు చెప్పకపోవచ్చు.

తంతి సేవ 2013లో ఆగిపోయింది కాని, ఉత్తరం ఆగలేదు. హాస్టల్లో ఉన్న మా మనవడికి నేనిప్పుడు నెలకు రెండు వ్రాస్తున్నాను. పోయిన నెల వాడి జవాబు వచ్చింది. సాంబారు నీళ్ళలా ఉందట, పక్క మంచం కుర్రవాడు గురక పెడతాడట. అక్షర దోషాలు లెక్కలేనన్ని. నేను ఒక్కటీ దిద్దలేదు.