సమాజశాస్త్రం మన బిడ్డలకెందుకు?

(రాజమహేంద్రవరంలో డిగ్రీ విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సోదర సోదరీమణులారా! డిగ్రీ ముగించిన బిడ్డ సమాజశాస్త్రంలో ఎం.ఏ.కు దరఖాస్తు చేస్తానంటే, “అది చదివితే ఉద్యోగమేమొస్తుంది?” అని మన ఇళ్లలో అడుగుతారు. పేదరికం నేర్పిన ప్రశ్న అది. దానికి జవాబు చెప్పే ముందు మన రిజర్వేషన్ల చరిత్రను స్మరించుకుందాం.

2004లో ప్రభుత్వమిచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను, బి.సి. కమిషన్‌ను సంప్రదించలేదంటూ హైకోర్టు కొట్టివేసింది. 2005లో కమిషన్ నివేదికతో తెచ్చిన చట్టమూ నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక, కమిషన్ సిఫారసుల అనంతరం బి.సి.-ఇ పేర 4 శాతం లభించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ తోసిపుచ్చింది; మెజారిటీ తీర్పు అధ్యయన పద్ధతినే తప్పుపట్టింది. ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టే ఆ 4 శాతం నిలిచింది. వెనుకబాటును ఎవరు, ఏ పద్ధతిలో కొలిచారన్నదే ఈ వివాదంలోని కీలకాంశం. ఆ కొలిచే విద్యను నేర్పేది సమాజశాస్త్రం. 2006 నాటి సచార్ కమిటీలో టి.కె. ఊమెన్ అనే సమాజశాస్త్రవేత్త సభ్యులన్నది మరువరాదు.

మన గోదావరి సీమలో ఎన్ని ప్రశ్నలు లేవు! యంత్రాలొచ్చాక దూదేకుల కుటుంబాలు ఏ పనులకు మళ్లాయి? కోనసీమ నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లుల పిల్లలు ఎవరి పెంపకంలో ఉన్నారు? నమాజులో ఒకే వరుసలో నిలిచే సయ్యదులు, షేకులు, నూర్‌బాషాలు వియ్యమందే వేళ ఎందుకు వేరవుతున్నారు? ఈ చివరి ప్రశ్న మనకు చేదుగా ఉంటుంది. అయినా మన బిడ్డలే దానిని అడగాలి.

ఇక దరఖాస్తు సంగతి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఎ.పి. పిజిసెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సి.యు.ఇ.టి.-పి.జి. రాయాలి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఉర్దూ అర్హత నిబంధనను ముందే చూసుకోవాలి. బి.సి.-ఇ రాష్ట్ర జాబితాలోనిది, నూర్‌బాషాలు బి.సి.-బి కిందికి వస్తారు. కేంద్ర సంస్థలకు ఓబీసీ జాబితా వేరు. అందులో మీ వర్గం పేరుందో లేదో చూసి, నోటిఫికేషన్‌కు ముందే ధ్రువపత్రం తీసుకోండి. ఏ రిజర్వేషన్‌లోనూ చేరని సయ్యద్, పఠాన్ కుటుంబాలవారు ఆదాయ పరిమితికి లోబడి ఇ.డబ్ల్యు.ఎస్. కోటాను పరిశీలించవచ్చు.

ఉద్యోగమంటారా? నెట్ ఉత్తీర్ణులైతే అధ్యాపక పదవులకు అర్హత వస్తుంది. సివిల్స్‌లో ఇది ఐచ్ఛిక విషయం. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది గనుక, పరిశోధన చేయదలచిన పేద విద్యార్థి నెట్‌లోనే జె.ఆర్.ఎఫ్. సాధించడం మరింత అవసరం.

మసీదు కమిటీల పెద్దలకు మా మనవి ఒక్కటే. ప్రతి మొహల్లా నుంచి ఈ ఏడాది ఒక్కరిచేత, వీలైతే ఒక ఆడబిడ్డచేత, ఈ దరఖాస్తు చేయించండి. పరీక్ష రుసుము, ప్రయాణ ఖర్చు మొహల్లా భరించాలి. రేపు న్యాయస్థానం మళ్లీ ఆధారాలడిగిననాడు, వాటిని సేకరించి నిలబెట్టగల విద్యావంతులు మనలోనూ ఉండాలి.