కైకేయి వేషం కట్టిన కథకుడు



ఈ సదస్సు నిర్వాహకులు నాకు ‘నటుడే జానపద గాయకుడైతే’ అన్న అంశం ఇచ్చారు. ఉదాహరణకు ఈవన్ మెకాల్ అనే ఇంగ్లీషు కళాకారుడి పేరు కూడా వాళ్లే సూచించారు. ఆయన గురించి మాట్లాడతాను. కానీ ఆయన దగ్గర ఎక్కువసేపు ఆగను. మనకు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పని ఉంది.

1915లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్ అనే మిల్లుల ఊళ్లో స్కాట్లండు నుంచి వలసవచ్చిన కార్మిక దంపతులకు పుట్టాడు మెకాల్. తల్లిదండ్రులు పెట్టిన పేరు జేమ్స్ మిల్లర్. చదువు పద్నాలుగో ఏటికే ఆగింది. నిరుద్యోగుల బారుల ముందు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర వీధినాటకాలు ఆడాడు. జోన్ లిటిల్‌వుడ్‌తో కలిసి 1945లో థియేటర్ వర్క్‌షాప్ అనే నాటక బృందాన్ని నిలబెట్టాడు. నటుడు, నాటక రచయిత అనే ఆ రోజుల్లో ఆయనకు గుర్తింపు. 1950లలో నాటకం వదిలి పాటలోకి వచ్చాడు. 1958లో బీబీసీ ప్రసారం చేసిన మొదటి ‘రేడియో బ్యాలడ్’ ప్రమాదంలో చనిపోయిన జాన్ యాక్సన్ అనే రైలు డ్రైవరు కథ. అందులో కార్మికుల గొంతులే వచనం, మెకాల్ కట్టిన పాటలే పద్యం. బ్రిటిష్ గూఢచారి శాఖ ఆయన మీద ఏళ్ల తరబడి ఫైలు నడిపింది.

పాటకూ పోలీసు ఫైలుకూ ఉన్న చుట్టరికం సికింద్రాబాద్ పద్మారావు నగర్ వాళ్లకు నేను చెప్పాల్సింది కాదు. ఇవాళ గాంధీ ఆసుపత్రి ఉన్న స్థలంలోనే ఒకప్పుడు ముషీరాబాదు జైలు ఉండేది. 1974లో చెరబండరాజు, వరవరరావు వంటి కవులను ముద్దాయిలుగా నిలబెట్టిన కేసుకు ‘సికింద్రాబాద్ కుట్ర కేసు’ అని మన ఊరి పేరే పెట్టారు.

మెకాల్ జీవితంలో నన్ను ఆకర్షించింది ఆ ఫైలు కాదు. 1960లలో కుర్ర గాయకులను కూర్చోబెట్టి, నటులకు స్తానిస్లావ్‌స్కీ నేర్పిన పద్ధతుల్లో ఆయన పల్లెపాట నేర్పాడు. ‘ఈ పాటలోని మనిషివి నువ్వే అయితే?’ అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టమన్నాడు. పల్లెపాట సహజంగా పుట్టి సహజంగా పాడబడేదని నమ్మే సంప్రదాయవాదులకు ఇది మింగుడుపడలేదు. జానపదానికి నటన శిక్షణ ఏమిటని వాళ్ల అభ్యంతరం.

ఆ అభ్యంతరం మన దగ్గరా ఉంది, పైకి చెప్పం అంతే. షేక్ నాజర్ గారిని మనం ‘బుర్రకథ పితామహుడు’ అంటాం. దండ వేస్తాం. జానపద కళల అధ్యాయంలో రెండు పేజీలు ఇస్తాం. ఆంధ్ర నాటకరంగ చరిత్ర తీస్తే ఆయన పేరు ఏ అధోజ్ఞాపికలోనో కనబడితే అదృష్టం. ఆయన జీవితం మాత్రం మన అధ్యాయాల ప్రకారం నడవలేదు.

1920 ఫిబ్రవరి 5న పొన్నెకల్లులో పుట్టారాయన. దూదేకుల కుటుంబం. తండ్రి మస్తాన్, తల్లి బీనాబీ. ఇక్కడ ఒక విషయం ఆగి చూడాలి. బుర్రకథ ఆయన కులవిద్య కాదు. ఆ కళ పూర్వరూపాలు జంగంకథ, శారదకథ. భర్త తంబురా మీటుతూ కథ చెబితే భార్య వంత పాడేది. తరతరాలుగా అది కొన్ని కుటుంబాల బతుకుతెరువు. నాజర్ ఆ కుటుంబాల నుంచి రాలేదు. హార్మోనియం నేర్చుకుని, నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సంగీతం అభ్యసించి, నాటకాల్లోంచి వచ్చారు. పాదుకా పట్టాభిషేకంలో కైకేయి వేశారు. రామదాసులో చాందినీ వేశారు. ఆడవేషంతో పేరు తెచ్చుకున్న కుర్రాడు తరవాత తలపాగా చుట్టి, గజ్జె కట్టి, పల్నాటి వీరుడై గర్జించాడు. మనం పుట్టు జానపదుడనుకునే మనిషి నిజానికి నాటకాల బడిలో తయారైనవాడు.

ఆ బడి చదువు బుర్రకథకు ఏం చేసిందో చూద్దాం. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, బొటనవేలికి అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఇది మనకు అలవాటైన బొమ్మ. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడే నాటికి కమ్యూనిస్టు ఉద్యమం ఈ కళను చేతిలోకి తీసుకుని, భార్య నిలబడే చోట వ్యాఖ్యాతను నిలబెట్టింది. కథ నాలుగు వందల ఏళ్ల కిందటిదైనా రాజకీయ వంత నిన్నటి ధరల గురించి అడగవచ్చు. ఇది మంచి ఏర్పాటే, కానీ ఏర్పాటు ఒక్కటే చాలదు. ముగ్గురు మనుషులు ముప్పై పాత్రలు కావాలంటే, ఒకే గొంతు నాయకురాలు నాగమ్మగానూ బాలచంద్రుడిగానూ విడివడాలంటే, తంబురా ఒక క్షణం కత్తి, మరో క్షణం తుపాకీ కావాలంటే అక్కడ గాయకుడు సరిపోడు. నటుడు కావాలి. నాజర్ తెచ్చింది దాన్నే. వీరరసంలోంచి కరుణలోకి మారేటప్పుడు రాగం కన్నా ముందు ముఖం మారాలి. ఆ విద్య ఆయన కైకేయి దగ్గర నేర్చుకున్నారని నా అనుమానం. వరం అడిగే ఇల్లాలు క్షణంలో రాజ్యాన్ని శాసించే రాణి కావాలి కదా!

బొబ్బిలి, పల్నాడు, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు. ఈ కథల పట్టీలో చివరిదాన్ని మనం తొందరగా దాటేస్తాం. మిగిలినవన్నీ వీరుల కథలు. బెంగాల్ కరువులో వీరుడు లేడు. 1943లో ఎక్కడో బెంగాల్లో ఆకలితో చచ్చిపోతున్న మనుషుల కోసం గుంటూరు జిల్లా రైతు కన్నీరు పెట్టాలంటే కథకుడికి పౌరుషం పనికిరాదు. నా దృష్టిలో ఆయన నటనకు అసలు పరీక్ష అదే.

సినిమా ఆయన్ను పిలిచింది. గరికపాటి రాజారావు గారి ‘పుట్టిల్లు’ 1953లో, ‘అగ్గిరాముడు’ 1954లో. రెండో దానిలోని అల్లూరి బుర్రకథ ఆయన్ను ఆంధ్ర రాష్ట్రం దాటించి తెలుగువాళ్లందరికీ చేర్చింది. అయితే రాత్రంతా నడిచే కథను సినిమా కొద్ది నిమిషాలకు కుదించింది. మనలో చాలామందికి తెలిసిన నాజర్ ఆ నిమిషాల నాజరే. మరాఠీ షాహిర్ అమర్ షేక్‌దీ ఇదే దారి. ఆయనా ఉద్యమ గాయకుడే, ఆయనా తెర మీద కనిపించిన నటుడే.

నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు రాసిన ఆత్మకథ పేరు ‘పింజారి’. తిట్టుగా వాడే తన కులం పేరునే అట్ట మీద పెట్టుకున్నారు. ఆ పుస్తకాన్ని దళిత, బహుజన ఆత్మకథల వరుసలో చదివినవాళ్లున్నారు, అది న్యాయమే. ఒక నటుడి ఆత్మకథగా చదివిన వ్యాసం మాత్రం నా కంట పడలేదు.

ఆయన పోయిన కొద్ది వారాలకే, 1997 ఏప్రిల్ 6న, ఇక్కడికి దగ్గరలోని అల్వాల్లో ప్రజాగాయకుడు గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. తూప్రాన్‌లో గుమ్మడి విఠల్‌గా పుట్టిన ఆయన కూడా తొలిరోజుల్లో బుర్రకథలే చెప్పాడు. 1979లో బి. నర్సింగరావు గారు నిర్మించిన ‘మాభూమి’లో ఆయన పాడిన బండి పాట గుర్తుందా? రాసింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. తెర మీద గద్దర్ ఆడిన తీరు చూశాక ఆ పాట ఆయనదేనని జనం తీర్మానించేశారు. నటన బలంగా ఉంటే రాసినవాడి పేరు కూడా మిగలదు. యాదగిరికి ఇది అన్యాయం. గద్దర్ గొప్పతనానికీ ఇదే నిదర్శనం. ఈ రెండు మాటలూ కలిపి చెప్పే ధైర్యం మన విమర్శకు రావాలి. ‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు వచ్చిన నంది అవార్డును వద్దన్న మనిషి పేరుతో ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తోంది. దీని మీద వ్యాఖ్య చేయాల్సింది హాస్య వంత, ఈ సభ అధ్యక్షుడినైన నేను కాదు.

నేననేది ఇంతే. ఈ కళాకారులను ‘మట్టిలోంచి పుట్టినవాళ్లు’ అని పొగిడి వదిలేస్తే వాళ్ల కష్టాన్ని కాజేసినట్టే. సాల్ఫర్డ్ కుర్రాడు వీధినాటకాల్లో ఎంత సాధన చేశాడో, పొన్నెకల్లు కుర్రాడు అద్దం ముందు అంతకు తక్కువ చేయలేదు. జానపదం వాళ్లకు పుట్టుకతో వచ్చింది కాదు, ఎంచుకున్నది.

సమర్పించబోయే పత్రాల సంగ్రహాలు చూశాను. బుర్రకథను నటన అనడం పొరపాటని, అది కథనమేనని వాదించే పత్రాలు అందులో రెండున్నాయి. ఉదయం సదస్సు ఆ రెంటితోనే మొదలుపెట్టమని సంచాలకులను కోరుతున్నాను.